యాదమ్మకు మాత్రమే కొట్టిన షాకు

1986 వేసవి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నా ఎలక్ట్రికల్ దుకాణానికి అప్పుడు మంచి గిరాకీ. ఎల్బీనగర్ చౌరస్తా దాకా పోతే ఎటు చూసినా ముగ్గుపిండి గీతలు, హద్దురాళ్లు, సగం లేచిన గోడలు. కర్మన్‌ఘాట్ వైపు ద్రాక్షతోటలు ఒకదాని తర్వాత ఒకటి ప్లాట్లవుతున్నాయి. తోట కొట్టేసినా పందిరి రాళ్లను మాత్రం వెంటనే పీకేవాళ్లు కాదు. మనిషి ఎత్తు నల్లరాతి స్తంభాలు కొత్త ఇళ్ల మధ్య వరసగా నిలబడి ఉండేవి. కొన్నిటి మీద తీగ కూడా అలాగే ఉండేది. ఒకరు దాని మీద బట్టలు ఆరేసుకునేవారు, ఒకరు ఆ రాయికి మేకను కట్టేసేవారు. అలాంటి రాళ్లు మన చుట్టూనే ఉన్నా కొన్నాళ్లకు కంటికి ఆనడం మానేస్తాయి. ఈ కథకు అది అవసరం కాబట్టి ముందే చెబుతున్నాను.

నాకు వైరింగ్ లైసెన్సు ఉండేది. కొత్త ఇళ్లకు కరెంటు పని ఒప్పుకునేవాణ్ణి. సాయంత్రాలు ఒక దినపత్రికకు మా ప్రాంతం వార్తలు రాసి పంపేవాణ్ణి. ఆ రోజుల్లో మా వైపు విలేకరులలో చాలామందికి వేరే బతుకుతెరువు ఉండేది. నాకు పని నేర్పిన సబ్ ఎడిటర్ ఒకాయన ఎప్పుడూ ఒక్కటే అడిగేవారు: "అక్కడ కొత్తగా ఏం జరిగింది? అది చెప్పు ముందు." వార్త రాయడానికి నేర్పిన ఆ ప్రశ్న కరెంటు పనిలోనే నాకు ఎక్కువ పనికొచ్చింది.

దుకాణంలో బల్బు అమ్మితే హోల్డరులో పెట్టి వెలిగించి చూపించి ఇవ్వడం ఆనవాయితీ. పాతబల్బు పట్టుకొచ్చిన వాళ్లయితే చెవి దగ్గర పెట్టి ఊపి చూసేవారు. లోపల గలగలమంటే తీగ తెగినట్టు. కొందరు తెగిన కొసలు రెండూ ఒకదాని మీద ఒకటి పడేలా బల్బును వంచి, తట్టి, మళ్లీ వెలిగించుకునేవారు. అతుక్కున్న తీగ పొట్టిదవుతుంది కాబట్టి అలాంటి బల్బు ముందుకంటే ఎక్కువ వెలుతురిచ్చి, తొందరగా పోతుంది. "మీ కొత్తబల్బు కంటే మా పాతదే మంచిగున్నది" అని నన్నే ఎకసెక్కం చేసి పోయినవాళ్లున్నారు. మళ్లీ వాళ్లే వచ్చి కొత్తది కొన్నారు.

బల్బులో పెద్ద రహస్యమేమీ లేదు. లోపల టంగ్‌స్టన్ అనే లోహంతో చేసిన వెంట్రుక లాంటి తీగ చుట్టలు చుట్టి ఉంటుంది. దాన్ని ఫిలమెంట్ అంటారు. కరెంటు రాగితీగలో సులువుగా పోతుంది. ఈ సన్నటి తీగలో మాత్రం ఒరుసుకుంటూ పోవాలి. ఆ ఒరిపిడికి తీగ కొలిమిలో ఇనుములా కాలి, ఇంకా కాలి, తెల్లగా వెలుగుతుంది. గాలి తగిలితే మాడిపోతుంది కాబట్టి గాలి తీసేసి, తీగను ఏమీ చేయని వాయువు నింపి, గాజుబుడ్డిలో మూసిపెడతారు. అసలు సంగతి ఏమిటంటే, బల్బుకు రెండు దారులు కావాలి. ఒకటి కరెంటు వచ్చే ఫేజు, రెండోది తిరిగి పోయే న్యూట్రల్. పోయే దారి లేకపోతే కరెంటు రాదు. మొత్తం కథ ఆ పోయే దారి గురించే.

ఆ వేసవిలో ఒక పొద్దున అన్నపూర్ణగారు దుకాణానికి వచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. కర్మన్‌ఘాట్ దారిలో ద్రాక్షతోట తీసేసి వేసిన లేఅవుట్‌లో ఇల్లు కట్టుకుంటున్నారు. ఆ ఇంటి వైరింగు నాదే. భర్త ఆఫీసుకు పోతే పని దగ్గర నిలబడి చూసుకునేది ఆవిడే.

"ఏవండీ, మా ఇంటి కరెంటు ఎక్కడన్నా కారుతోందంటారా?" అన్నారు కూర్చోకుండానే.

"ఏమైంది మేడం?"

"మా యాదమ్మకి బోరింగు దగ్గర షాకు కొడుతోందట. ఆ మేస్త్రీ ఏమో అదంతా నాటకం అంటాడు. నేను రోజూ అదే బోరింగులో నీళ్లు కొడుతున్నాను, నాకేమీ లేదు. కానీ ఆ మనిషి అబద్ధం చెప్పే రకం కాదండీ."

యాదమ్మ ఆ ఇంటికి క్యూరింగ్ చేసే మనిషి. క్యూరింగ్ అంటే కొత్త సిమెంటు పని బీటలు వేయకుండా పొద్దున, సాయంత్రం నీళ్లు పట్టడం. పక్కనే ఉన్న ఊరి నుంచి నడిచి వచ్చేది. లేఅవుట్ మొత్తానికి బోరింగు, అంటే చేతిపంపు, ఒక్కటే. అక్కడ నీళ్లు కొట్టి, బిందెలు మోసి, గోడలు తడపాలి. అదే ఆమె కూలి.

ఆ మధ్యాహ్నమే వెళ్లాను. మేస్త్రీ సాయిలు బీడీ ఆర్పి ఎదురొచ్చాడు.

"సారు, మీకెందుకు తక్లీఫ్. కరెంటు లేదు గిరెంటు లేదు. గీమెకు నీళ్లు మోసుడు బరువైంది, గంతే. నేను వేరే మనిషికి జెప్పిన. ఈ వారం దాటినంక ఈమె రాదు."

యాదమ్మ ఇసుక కుప్ప పక్కన నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. కొంగు నడుముకు దోపుకుంది.

"నాటకమైతే చెయ్యి ఇంకా ఎందుకు గుంజుతది మేస్త్రీ? ఒక్కసారి నా లెక్క పట్టి జూడు" అంది.

"పట్టిన గదా మొన్న? ఏమైంది నాకు?"

"నీకేమైతది. నిన్ను జూస్తే షాకు గూడ భయపడ్తది."

పక్కనున్న కూలీలు నవ్వారు. సాయిలు కూడా నవ్వాడు కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

నేను ముందు నా పనినే అనుమానించాను. అది పద్ధతి. మెగ్గర్ తెచ్చుకున్నాను. చేత్తో తిప్పే చిన్న యంత్రం అది. తీగ తొడుగు దాటి కరెంటు బయటికి పోయే దారి ఎక్కడైనా ఉందేమో చెబుతుంది. అన్నపూర్ణగారి ఇంట్లో వేసిన పైపులు, తీగలు, పని కోసం ఇచ్చిన టెంపరరీ కనెక్షన్ అన్నీ చూశాను. శుభ్రంగా ఉన్నాయి. బోరింగు దగ్గరికి వెళ్లి టెస్టర్ పెట్టాను. వెలగలేదు. చేత్తో పట్టుకున్నాను. ఎండకు కాగిన ఇనుము, అంతే.

"జెప్పిన గద సారు" అన్నాడు సాయిలు.

సామాను సర్దుకుంటుంటే యాదమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"సారు, కరెంటు గాదంటరా?"

"ఇప్పుడైతే లేదమ్మా. నీకు ఎప్పుడు కొడ్తది?"

"పొద్దుమూకేటప్పుడు. పొద్దుగాల కొట్టది. మొదట్ల చీమలు కుట్టినట్టుండె. దినాం ఎక్కువైతున్నది. నిన్న మోచెయ్యి దాకా గుంజింది." మోచెయ్యి తడుముకుంటూ, "గంగమ్మకు నా మీద కోపమొచ్చినట్టున్నది సారు. మైసమ్మకు ఎర్రకోడి మొక్కిన, ఇంక ఇయ్యలే. దాని గురించేనా?" అంది.

ఆమె ఆ మాట మామూలుగానే అంది. నాకు మాత్రం ఇంటికి పోయేదాకా అదే చెవిలో ఉంది. కూలి పోతే ఇంకో ఇంట్లో దొరకవచ్చు. ప్లాట్ల కాలం, పనికి కొదవ లేదు. కానీ నీళ్లే తనను తోసేస్తున్నాయన్న నమ్మకంతో ఏ బోరింగు దగ్గరికి పోతుంది? పైగా ఆమె చెప్పినవి రెండు సంగతులు, పొద్దుమూకేటప్పుడు కొడుతుంది, రోజురోజుకూ ఎక్కువవుతోంది. నాటకమాడే మనిషికి అంత లెక్క ఉండదు. దెబ్బ పెరుగుతోందంటే అది ఒకరోజు ప్రాణం తీసేదాకా పెరగవచ్చు.

మర్నాడు దుకాణం మధ్యలో వదిలేసి పొద్దు వాలే వేళకు వెళ్లాను. నిప్పు రాజుకున్న ఇంటికి అది చల్లారాక వెళ్లి వార్త రాయలేము. షాకు కొట్టే వేళకే అక్కడ ఉండాలి.

బోరింగు దగ్గర అన్నపూర్ణగారే నీళ్లు కొడుతున్నారు. చుట్టూ బురద. ఆవిడ కాళ్లకు హవాయి చెప్పులు. నాలుగు బిందెలు నిండాయి. ఆవిడకు ఏమీ కాలేదు. నేను పట్టుకున్నాను. నా కాళ్లకు రబ్బరు అడుగు బూట్లు. నాకూ ఏమీ కాలేదు. టెస్టర్ పెట్టి చూస్తే వెలిగిందో లేదో తెలియనంత. టెస్టర్ వెలగకపోతే కరెంటు లేనట్టేనని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. దాని లోపలి చిన్న దీపానికి కొంత బలం తగిలితే తప్ప వెలగదు. తక్కువ బలం కూడా తడి ఒంటికి చాలు.

అప్పుడు యాదమ్మ వచ్చింది. ఆమెకూ చెప్పులున్నాయి. బోరింగు గట్టు దగ్గరికి రాగానే వాటిని విప్పి పక్కన పెట్టింది. కింద కారుతున్న నీళ్లు వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. బిందె పెట్టి, తడి చేత్తో పిడి పట్టుకుంది. ఒక్క కొట్టు. చెయ్యి విసిరికొట్టినట్టు వెనక్కి వచ్చింది, బిందె దొర్లింది.

"చూశారా?" అన్నారు అన్నపూర్ణగారు.

నేను బిందె చూడటం లేదు. గట్టు పక్కన పెట్టిన చెప్పులు చూస్తున్నాను.

"యాదమ్మా, చెప్పులెందుకు విప్పినవ్?"

నేనేదో తప్పు మాట అన్నట్టు చూసింది. "చెప్పులేసుకొని గంగమ్మ కాడికి పోతరా సారు?"

అన్నపూర్ణగారు తన కాళ్ల వైపు చూసుకున్నారు. "మేము బురదని వేసుకుంటాం కదమ్మా" అన్నారు నెమ్మదిగా.

ఆ చెప్పుల దగ్గరే సగం సంగతి తేలిపోయింది. రబ్బరు కరెంటును పోనివ్వదు. ఎండుకట్టె, గాజు, పింగాణీ, ఎండిన ఇసుక కూడా అంతే. రాగి, అల్యూమినియం, ఇనుము పోనిస్తాయి. బొగ్గు పోనిస్తుంది. తడిమన్ను పోనిస్తుంది, ఉప్పు కలిసిన తడి ఇంకా బాగా పోనిస్తుంది. మన ఒళ్లు ఉప్పునీళ్ల తిత్తి లాంటిది కాబట్టి మనమూ దారి ఇస్తాం. చెప్పులతోనే పట్టి చూసిన సాయిలుకూ, అన్నపూర్ణగారికీ, నాకూ కాళ్ల కింద తలుపు మూసి ఉంది. బురదలో వట్టి కాళ్లతో, తడి చేత్తో నిలబడిన యాదమ్మ ఒక్కతే కరెంటుకు దారి. ఆ లేఅవుట్‌లో బోరింగుకు మర్యాద ఇచ్చే మనిషి ఆమె ఒక్కతే. దెబ్బ తగిలిందీ ఆమెకే.

మిగతా సగం, ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తోందన్నది. నా దగ్గర టెస్ట్ లాంప్ ఉంది. అంటే ఒక హోల్డరు, దానికి రెండు తీగలు, అంతే. అందులో జీరో బల్బు పెట్టాను. ఒక తీగ బోరింగు గొట్టానికి చుట్టాను. కాస్త దూరంగా తడిమట్టిలో సాయిలు చేత గడ్డపార దిగ్గొట్టించి రెండో తీగ దానికి కట్టాను. బల్బు వెలగలేదు కానీ లోపలి తీగ ఎర్రబడింది, అగరుబత్తి కొసలా.

కూలీలు చుట్టూ మూగారు. సాయిలు వంగి చూశాడు. బీడీ తీసి, వెలిగించకుండానే మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.

అన్నపూర్ణగారి ఇంటి మెయిన్ తీయించాను. బల్బు ఎర్రగానే ఉంది. అయితే ఆ ఇల్లు కాదు. పక్కన కడుతున్న ఇంట్లో తీయించాను. అదీ కాదు. చీకటి పడకముందే ఇంకా ఎన్ని ఇళ్లు తిరగాలా అని ఆలోచిస్తుండగా, జీరో బల్బు ఉన్నట్టుండి ఆరిపోయింది. తీగ ఊడిందేమోనని వంగబోతే యాదమ్మ దూరంగా చెయ్యి చూపించింది.

"పటేల్ కొట్టం కాడ గూడ పోయినయి సారు."

లేఅవుట్ చివర నర్సిరెడ్డి పటేల్ బర్రెల కొట్టం ఉంది. దాంట్లో దీపాలు కూడా అదే క్షణాన ఆరాయి. పాలు పితకడం అయిపోయినట్టుంది.

అప్పుడు చూశాను, రోజూ కంటికి ఆననిదాన్ని. బోరింగు పక్కనే ఒక పందిరి రాయి. దాని మీద పాత ద్రాక్ష పందిరి తీగ. రాతి నుంచి రాతికి ఆ తీగ నేరుగా కొట్టం దాకా పోతోంది. ఇటు కొస రాతి వెంబడి కిందికి దిగి బురదలోకి పోయింది. బురద గీకి చూస్తే బోరింగు గొట్టానికి నాలుగు చుట్లు చుట్టి ఉంది.

నర్సిరెడ్డి పటేల్ ఆ తోట యజమాని. ప్లాట్లు చేసి అమ్మాక కొట్టం ఉన్న ముక్క మాత్రం ఉంచుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్లకు నీళ్లు లేవని బోరింగు వేయించింది కూడా ఆయనే. గట్టు మీద పసుపు, కుంకుమ ఇంకా ఉన్నాయి. నేను వెళ్లేసరికి పాలక్యాన్లు సైకిలుకెత్తిస్తున్నాడు.

"ఏమయ్యా పేపర్ కరెంటు, ఇటొచ్చినవ్?" అన్నాడు. నా రెండు పనులూ కలిపి ఆయన పెట్టిన పేరు అది.

"పటేలా, కొట్టంల దీపాలకు న్యూట్రల్ ఏడికెళ్లి తెచ్చుకున్నరు?"

"న్యూట్రలెందుకు? ఇంటికాడి నుంచి ఒక్క తీగ గుంజిన. రెండోది భూమి. ముప్పై ఏండ్ల సంది మా బాయికాడ గట్లనే వెలిగిచ్చినం. మోటరు పైపుకు కడితే చాలు, ఫస్టుక్లాసు వెలుగుతది."

"ఆ బావి ఏది ఇప్పుడు?"

"ఈ ఎండకాలం ముందట పూడిస్తిమి గద. దాని మీద రెండు ప్లాట్లొచ్చినయి." అని, నేను అడగకుండానే చెప్పాడు: "బాయి పోయినంక ఈడ్నే ఇనుపకడ్డీ పాతి సూసిన. దీపం గుడ్డిగ మండింది. నేలంత ఎండిపోయె. తడి ఏడుంటదా అని సూస్తే బోరింగు కాడ. పందిరితీగ ఊకెనే ఉండె. దానికి కట్టిన. ఇగ సూడు, పట్టపగలు లెక్క."

సబ్ ఎడిటర్ గారి ప్రశ్నకు జవాబు అదే. అక్కడ కొత్తగా జరిగింది బావి పూడ్చడం. ఒంటి తీగతో దీపం పెట్టుకోవడం మా వైపు బావుల దగ్గర అందరూ చేసిన పనే. చుట్టుపక్కల మనుషులు లేనప్పుడు, మోటరు పైపు లోతు నీళ్లలో మునిగి ఉన్నప్పుడు అది ఎలాగో సాగిపోయింది. బోరింగు సంగతి వేరు. వేసవిలో నీళ్లు దిగిపోయిన కొద్దీ దాని గొట్టం నుంచి భూమిలోకి కరెంటు దిగడం కష్టమవుతుంది. దిగలేనిది గొట్టం మీదే కాచుకుని ఉంటుంది, ఇంకో దారి ఎప్పుడు దొరుకుతుందా అని. రోజురోజుకూ ఎక్కువవుతోందని యాదమ్మ చెప్పింది అందుకే.

"ఆ తీగలో కరెంటు బోరింగుకు పోతున్నది పటేలా. యాదమ్మకు షాకు కొడ్తున్నది."

ఆయన నవ్వాడు. "నువ్వు దుకాణం ఎట్ల నడుపుతున్నవయ్యా? కరెంటు ముందల బల్బులకు వస్తది. బల్బులు దాన్ని తింటయి. మిగిలింది ఎంగిలి కరెంటు. దానికేం తాకతుంటది?"

ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. తప్పే కానీ ఎంత సొగసైన తప్పు. చదువుకున్నవాళ్లలోనూ సగం మంది అలాగే అనుకుంటారు. బల్బు కరెంటును తినదు. ఎంత లోపలికి పోతుందో అంతా బయటికి వస్తుంది. దాన్ని తోసే బలంలో కొంత బల్బులో వేడిగా, వెలుతురుగా ఖర్చవుతుంది, అంతే. బల్బు దాటాక పోయే దారి సాఫీగా ఉంటే బలమంతా బల్బులోనే ఖర్చవుతుంది. ఆ దారి ఇరుకైతే ఆ బలం బల్బు దాటి వచ్చి అవతల నిలబడుతుంది.

చెప్పి లాభం లేదు. "జర బోరింగు దాకా రండి. మీ జీతగాణ్ణి ఇక్కడ స్విచ్చి దగ్గర ఉండమనండి" అన్నాను.

వచ్చాడు. ఆయన కాళ్లకు టైరు అడుగు వేసిన కిర్రుచెప్పులు. వస్తూనే బోరింగు పిడి పట్టుకుని, "ఏదయ్యా షాకు?" అన్నాడు. చెప్పులు విప్పమని నేను అనలేదు. తెలిసి తెలిసి ఒక మనిషిని ఆ దారిలో నిలబెట్టకూడదు. బల్బు మీద చెయ్యి నీడ పెట్టి, "వెయ్యమనండి" అన్నాను.

పటేల్ కేకేశాడు. కొట్టంలో దీపాలు వెలిగాయి. నా బల్బులో తీగ ఎర్రబడింది.

"తియ్యమనండి."

రెండూ ఆరాయి.

"ఇంకోపారి" అన్నాడు ఆయన. మళ్లీ వేయించాడు, మళ్లీ తీయించాడు. తర్వాత గడ్డపార పీకించి, కావాలని, ఎండిన ఇసుకకుప్పలో గుచ్చించాడు. దీపాలు వేసినా బల్బు ఎర్రబడలేదు. ఇసుక మీద బిందెడు నీళ్లు గుమ్మరించమన్నాడు. ఆ నీళ్లు కిందికి ఇంకి నేలకు తగిలాక మెల్లగా ఎర్రజీర కనిపించింది. అలా పరీక్ష పెట్టమని నేను చెప్పలేదు. ముప్పై ఏళ్లు తడినీ పొడినీ చూసుకుంటూ ద్రాక్ష పండించిన మనిషి, తన అనుమానం తానే తీర్చుకున్నాడు.

"మీ ఎంగిలి కరెంటుతోనే వెలుగుతున్నది పటేలా" అన్నాను.

ఆయన గట్టు మీది పసుపు వైపు చూశాడు. "మా ఆమె కొబ్బరికాయ కొట్టింది ఈడ" అన్నాడు. తర్వాత, "ఆ తీగ ఊడిపోతే?" అని అడిగాడు. తెలివైన ప్రశ్న.

"ఊడి ఎక్కడ పడితే అక్కడ పూర్తి బలం ఉంటది. తడినేల మీద వట్టికాళ్లతో ఎవరన్న ముట్టుకుంటే ఇక లేవరు. వానలు దగ్గరికొచ్చినయి. ఆ తీగ మీద ఇద్దరు ముగ్గురు బట్టలు ఆరేస్తున్నరు."

పటేల్ కొట్టం వైపు తిరిగి ఒకే కేక వేశాడు. "అరే, మెయిన్ తీసెయ్. నేను జెప్పేదాక కందిలి దీపమే పెట్టుకో." తర్వాత నన్ను చూసి, "పేపర్ల రాస్తవా ఇది?" అన్నాడు.

"తీగ రేపు తీసేస్తే మీ పేరుతో రాసేదేమున్నది?"

"రేపెందుకు" అని తనే బురదలో కూర్చుని బోరింగుకు చుట్టిన చుట్లు విప్పడం మొదలుపెట్టాడు. తుప్పు పట్టి రాలేదు. సాయిలు కటింగ్ ప్లేయర్ అందించాడు.

మర్నాడు పటేల్ ఇంటి నుంచి కొట్టానికి రెండు తీగలు లాగాం. ఫేజుతో పాటు న్యూట్రల్. కొట్టం పక్కన విడిగా ఎర్త్ పిట్ తవ్వించాను. ఎర్త్ పిట్ అంటే ఇనుప గొట్టం పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా పోసిన గుంత. బొగ్గు తేమ పట్టి ఉంచుతుంది, ఉప్పు ఆ తేమలో కరెంటుకు దారి సులువు చేస్తుంది. కానీ అది దీపం వెలిగించడానికి కాదు. ఏదైనా తప్పు జరిగితే కరెంటు మనిషిని వదిలి అటు పోవడానికి. ఆ తేడా పటేల్‌కు చెప్పాను. "అంటే భూమి నౌకరు గాదు, కాపలాదారు" అన్నాడు. నేను ఆ మాటను చాలామందికి చెప్పుకున్నాను. ఎవరిదో కూడా చెప్పేవాణ్ణి.

పత్రికకు ఒక చిన్న వార్త పంపాను. తోటలు తీసిన లేఅవుట్లలో పాత పందిరితీగలకు కరెంటు కట్టి ఉందేమో చూసుకోవాలని, ఒంటి తీగ దీపాలు మానుకోవాలని. బోరింగు పేరు లేదు, పటేల్ పేరు లేదు. మర్నాటి నుంచి దుకాణానికి వచ్చినవాళ్లలో కొందరు గొంతు తగ్గించి రెండో తీగకు వైరు కొలిపించుకున్నారు. ఎందుకని నేను అడగలేదు.

అసలు పరీక్ష కొట్టానికి రెండు తీగలు లాగిన రోజు సాయంత్రమే జరిగింది. కొట్టంలో దీపాలు వేయించి, బోరింగుకు టెస్ట్ లాంప్ కట్టి చూశాను. చీకటి. వేరే చోట గడ్డపార గుచ్చి చూశాను. చీకటే. బల్బే పాడైందేమోనని దుకాణంలో చేసినట్టు హోల్డరులో వెలిగించి చూసి, మళ్లీ కట్టాను. చీకటి. ఒక బల్బు వెలగనందుకు నేను సంతోషించింది బహుశా అప్పుడే.

యాదమ్మ బిందెతో నిలబడి చూస్తోంది. నేను మళ్లీ పరీక్ష చేసేదాకా చెప్పులతోనే నీళ్లు కొట్టమని ముందురోజు అంటే ఒప్పుకోలేదు. నీళ్లే పట్టలేదు. అన్నపూర్ణగారే కొట్టి ఇచ్చారు, ఆమె మోసింది.

పటేల్ గట్టు దగ్గరికి వచ్చి, "యాదమ్మా, గంగమ్మ కోపం గాదే. నా తెలివి" అన్నాడు.

"తెలివి కొట్టంల పెట్టుకోవాలె పటేలా, గంగమ్మకు చుడ్తరా?" అంది.

సాయిలు నవ్వబోయి ఆపుకున్నాడు. పటేల్ ఆపుకోలేదు. "ఇంకో మనిషికి జెప్పినవట గదరా?" అన్నాడు సాయిలు వైపు తిరిగి.

"ఆమె రెండో ఇంటికి పటేలా. ఇక్కడ యాదమ్మనే" అన్నాడు సాయిలు, ఆ ఏర్పాటు ఎప్పటి నుంచో ఉన్నట్టు.

యాదమ్మ నన్ను చూసి అడిగింది: "సారు, ఇప్పుడు చెప్పులిప్పొచ్చా?"

నేను ముందు నా బూట్లు విప్పాను. ప్యాంటు పైకి మడిచి బురదలోకి దిగి, చెయ్యి తడుపుకుని పిడి పట్టుకున్నాను. రెండు కొట్లు కొట్టాను. నీళ్లు పడ్డాయి, అంతే. పక్కకు జరిగాను. ఆమె చెప్పులు విప్పి, గట్టు పక్కన నా బూట్ల దగ్గరే పెట్టింది. నీళ్లు తాకి కళ్లకద్దుకుంది. పిడి మీద ముందు ఒక వేలు, తర్వాత అరచెయ్యి, తర్వాత రెండు చేతులు. బిందె నిండి పొర్లిపోతున్నా కొడుతూనే ఉంది. ఎవరూ ఆపలేదు.

అన్నపూర్ణగారు తన హవాయి చెప్పులు విప్పి, బురదలోకి వచ్చి రెండో బిందె పెట్టారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ పనిలో ఉన్నాను. "ఇంట్లో ఎవ్వరికీ ఏం లేదు సారు, పనిమనిషికొక్కదానికే కొడ్తదంట" అని ఎవరైనా దుకాణానికి వచ్చి నవ్వుతూ చెప్పినప్పుడల్లా నేను నవ్వకుండా ఒకటే అడిగేవాణ్ణి: ఆమె కాళ్లకు చెప్పులుంటాయా? జవాబు కోసం వాళ్లు ఆలోచిస్తుండగానే సామాను సంచి భుజానికి తగిలించుకునేవాణ్ణి.